స్టాంపింగ్ అయ్యేదాకా ఆగకండి, పిల్లలకు హైదరాబాద్ చూపించేయండి!

ఇండియా టికెట్లు బుక్ చేయబోతున్నారు. అక్కడ అమ్మ అప్పుడే కొత్త దుప్పట్లు తీసి ఎండలో వేసింది. ఇక్కడ పిల్లలు సూట్‌కేసు ఎక్కి కూర్చున్నారు. మీరేమో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని స్లాట్ల పేజీ రిఫ్రెష్ కొడుతున్నారు.

ఎందుకో తెలుసు. పాస్‌పోర్టులో హెచ్-1బి స్టాంపు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఈసారి అమెరికా దాటితే కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేరు. ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల స్కూలు అన్నీ దాని మీదే ఉన్నాయి. టెన్షన్ రాకపోతేనే ఆశ్చర్యం.

అయితే ఒకటి గమనించండి. ఇంట్లో ఎవరైనా "అక్కడ ఎక్కడెక్కడ తిరుగుదాం?" అని అడిగితే మీ నోట వచ్చే మాటేంటి? "ముందు స్టాంపింగ్ కానీ, తర్వాత చూద్దాం." అవునా?

మీ సెలవును మింగేస్తున్నది ఆ మాటే. ఇవాళ్టి నుంచి అది బంద్!

ఇలా ఆలోచించండి. మీరు ఒకే టికెట్ మీద రెండు ట్రిప్పులు చేస్తున్నారు. మొదటిది స్టాంపింగ్ ట్రిప్పు. దాని ప్రిపరేషన్ మీ చేతిలో ఉంది, రిజల్ట్ లేదు. రెండోది సిటీ ట్రిప్పు. అందులో ప్రతిదీ మీ చేతిలోనే ఉంది. మీ చేతిలో లేని దాని కోసం, ఉన్న దాన్ని వెయిటింగ్ లిస్టులో పెడతారా? పెట్టరు. మీరు తెలివైనవాళ్లు.

రూల్స్ మారాయి. ఒప్పుకోండి, ముందుకెళ్లండి

ఒకప్పుడు తెలుగువాళ్లకు ఇంకో దారి ఉండేది. టొరంటోలోనో వాంకూవర్‌లోనో స్టాంపింగ్ స్లాటు పట్టడం, టొరంటో అయితే పిల్లల్ని కార్లో వేసుకెళ్లి పనిలో పనిగా నయాగరా చూపించి రావడం. కొందరు మెక్సికో కూడా వెళ్లొచ్చారు. 2025 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ఆ దారి మూసేసింది. మీరు ఏ దేశ పౌరులో, లేదా ఎక్కడ నివాసం ఉంటున్నారో అక్కడే వీసాకి అప్లై చేయాలంది. అమెరికాలో ఉంటున్న ఇండియన్‌కి దాని అర్థం ఒకటే, ఇండియా రావాలి.

అదే నెల 2వ తేదీ నుంచి ఇంటర్వ్యూ లేకుండా రెన్యువల్ చేసే డ్రాప్‌బాక్స్ కూడా చాలామందికి పోయింది. అంతకుముందు 14 ఏళ్లలోపు పిల్లలకు ఇంటర్వ్యూ ఉండేది కాదు. ఇప్పుడు హెచ్-4 మీద ఉన్న బుడ్డోడు కూడా కిటికీ ముందు నిలబడాల్సిందే. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు. ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టమన్నారు. ఆ మార్పు వచ్చినప్పుడు చాలామంది ఇంటర్వ్యూలు ఒక్కసారిగా నెలల తరబడి వెనక్కి జరిగాయి. అప్పటికే ఇండియాలో దిగినవాళ్లు అక్కడే ఉండిపోయారు.

2024లో అమెరికాలోనే రెన్యువల్ చేసే పైలట్ ప్రోగ్రామ్ ఒకటి నడిచింది. 20,000 అప్లికేషన్లకే పరిమితం. "అది మళ్లీ పెడితే బాగుండు" అనుకుంటూ గంటలు గడిపేవాళ్లు ఉన్నారు. పెడితే సంతోషమే. ఈలోపు ఆ గంటలు మీ ఫైలు మీద పెట్టండి.

ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. రూల్స్ మారినప్పుడు ఓడిపోయేది పాత రూల్స్ ప్రకారం ఆడేవాళ్లే. పాత రూల్స్‌లో వారం రోజులు చాలేవి. ఇప్పుడు ట్రిప్పుకి నడుం బలం ఎక్కువ కావాలి. ఆ బలం టికెట్ కొనకముందే వస్తుంది.

టికెట్ కొనకముందు ఒక మీటింగ్

ఆదివారం సాయంత్రం. డైనింగ్ టేబుల్. మీరు, మీ ఆయన లేదా మీ ఆవిడ. ఫోన్లు వేరే గదిలో. మధ్యలో ఒక తెల్ల కాగితం. గంట చాలు.

కష్టమైన ప్రశ్నతోనే మొదలుపెట్టండి: "స్టాంపింగ్ లేటైతే ఎవరు ఎక్కడ ఉంటాం?"

చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ ఎత్తరు. అపశకునం అనుకుంటారు! ఎత్తని ప్రశ్నే రాత్రి రెండింటికి నిద్ర లేపుతుంది. ఎత్తండి, జవాబులు రాయండి.

అమెరికాలో పుట్టిన పాపకి వీసా అక్కర్లేదు. కానీ అమ్మానాన్న ఇద్దరూ ఇండియాలో ఆగిపోతే పాప స్కూలు సంగతేంటి? ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే ముందు ఎవరు వెళ్తారు? ఆఫీసు ఇండియా నుంచి పని చేయనిస్తుందా? ఈ చివరిది మీ మేనేజర్ నోటి మాటతో సరిపోదు. ట్యాక్స్, డేటా సెక్యూరిటీ లాంటివి ఉంటాయి కాబట్టి హెచ్ఆర్ నుంచి ఈమెయిల్‌లో తీసుకోండి. కొన్ని కంపెనీలు ఆఫీసు ల్యాప్‌టాప్ దేశం దాటించనివ్వవు. ముందే అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు? మీరు అడుగుతున్నది ఫేవర్ కాదు, ప్లానింగ్.

తర్వాత చిల్లర పనులు. చిల్లరే, కానీ వదిలేస్తే రోజులు తినేస్తాయి:

– రిటర్న్ టికెట్ డేటు మార్చుకునే రకం తీసుకోండి. కాస్త ఎక్కువైనా సరే. ఇది ఖర్చు కాదు, మనశ్శాంతికి కట్టే ప్రీమియం.

– యూరప్ మీదుగా వెళ్తుంటే జాగ్రత్త. వ్యాలిడ్ అమెరికా వీసా లేని ఇండియన్ పాస్‌పోర్టుకి కొన్ని దేశాల్లో విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా కావాలి. మీ స్టాంపు గడువు తీరిపోయిందని మర్చిపోకండి. ఐ-797 అప్రూవల్ కాగితం అక్కడ పనికి రాదు. గల్ఫ్ మీదుగా వెళ్తే ఈ గొడవ లేదు.

– పిల్లల అమెరికన్ పాస్‌పోర్టుకి ఓసీఐ కార్డు గానీ ఇండియా ఈ-వీసా గానీ ఉందా? పెద్దల వీసా కంగారులో పిల్లల వీసా మర్చిపోయి ఎయిర్‌పోర్టులో తెల్లమొహం వేసినవాళ్లు ఉన్నారు.

– రోజూ వేసుకునే మందులు, కళ్లద్దాల ప్రిస్క్రిప్షన్ లెక్కకన్నా ఎక్కువ రోజులకే సర్దండి.

– మీ ఇండియన్ పాస్‌పోర్టు గడువు దగ్గర పడుతుంటే ముందు దాన్ని రెన్యువల్ చేయించండి. ఎందుకో చివర్లో చెబుతాను.

గంట తర్వాత ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. భయం మీ తలలోంచి కాగితం మీదికి దిగింది. ఇక అది మీ ఇంటి ప్లాన్.

ఫైలు ఒకరిదే

దంపతులు చేసే పెద్ద పొరపాటు ఇద్దరూ అన్నీ మోయడం. ఇద్దరూ స్లాట్లు వెతుకుతారు, ఇద్దరూ వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160 నింపుతారు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. పని పంచుకోండి. స్టాంపింగ్ ట్రిప్పుకి ఒక ఓనర్. సిటీ ట్రిప్పుకి ఇంకో ఓనర్. ఒకరి ఏరియాలో ఇంకొకరు సలహా ఇవ్వొచ్చు, స్టీరింగ్ లాక్కోకూడదు.

స్టాంపింగ్ ఓనర్ గారూ, మీకో మాట. ఇంట్లో ఒక్కొక్కరికి విడిగా డీఎస్-160, విడిగా 205 డాలర్ల ఫీజు. అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఉన్న డీఎస్-160 నంబరు, మీ చేతిలో ఉన్న కన్ఫర్మేషన్ పేజీ నంబరు ఒకటేనా? ఒక్కో అక్షరం వేలు పెట్టి చూడండి. చిన్న తప్పు సరిదిద్దుదామని కొత్త ఫారం నింపేస్తారు, అపాయింట్‌మెంట్‌లో మాత్రం పాత నంబరు ఉండిపోతుంది. గేటు దగ్గర వెనక్కి పంపేది అలాంటివాటికే.

ఫైల్లో పైన ఏం ఉండాలి? పాస్‌పోర్టులు పాతవీ కొత్తవీ, ఐ-797, ఫొటోలు, అపాయింట్‌మెంట్ లెటర్. దాని కింద పిటిషన్ కాపీ, ఎంప్లాయర్ లెటర్, ఈమధ్య పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు, డిగ్రీలు. క్లయింట్ దగ్గర పని చేస్తుంటే క్లయింట్ లెటర్. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు వేరే కవరులో. ఆఫీసర్ వీటిలో ఒక్క కాగితం కూడా అడక్కపోవచ్చు. అయినా సర్దండి. ఫైలు ఆఫీసర్ కోసం ఎంతో, మీ నిద్ర కోసం అంత!

ఇంటర్వ్యూ ప్రాక్టీస్ కూడా ఉండాలి. బట్టీ వద్దు. అద్దం ముందు నిలబడి మూడు ప్రశ్నలకు గట్టిగా జవాబు చెప్పండి. ఏ కంపెనీ? ఏం పని చేస్తారు? ఎక్కడి నుంచి చేస్తారు? మీ పని గురించి మీ అమ్మమ్మకి అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పగలిగితే మీరు రెడీ. "మైక్రోసర్వీసెస్ ఆర్కిటెక్చర్‌లో క్రాస్ ఫంక్షనల్..." అంటూ మొదలుపెట్టారా? మళ్లీ అద్దం దగ్గరికి వెళ్లండి.

ఆ రెండు రోజులు

హైదరాబాద్‌లో మీకు రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి. ఒకరోజు వీసా అప్లికేషన్ సెంటర్‌లో వేలిముద్రలు, ఫొటో. ఇంకోరోజు కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. సెంటర్ అడ్రసు ఇదివరకు మారింది. బావగారి జ్ఞాపకం మీద ఆటో ఎక్కకండి. మీ లెటర్‌లో ఏది ఉంటే అదే.

కాన్సులేట్ ఇప్పుడు బేగంపేట పైగా ప్యాలెస్‌లో లేదు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారింది. 34 కోట్ల డాలర్లు పెట్టి 12 ఎకరాలకు పైగా స్థలంలో కట్టారు. వీసా కిటికీలే 54. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా దీని పరిధిలోకి వస్తాయి.

ఇంటర్వ్యూ రోజు ఉదయం ఒకసారి ఆ గేటు బయట సీను చూడండి. ఎదురుగా రోడ్డు పక్కన క్యాబ్‌లు వరసగా ఆగి ఉంటాయి. ఒకాయన డాష్‌బోర్డు మీద ఫైలు పెట్టుకుని కాగితాలు మళ్లీ మళ్లీ లెక్కపెడుతుంటాడు. పక్కన ఆవిడ చేతి గడియారం తీసి వాళ్ల నాన్న జేబులో వేస్తుంది. అదేమో స్మార్ట్‌వాచ్, లోపలికి రానివ్వరు. ఇంకో అబ్బాయి ఇయర్‌బడ్స్ ఎవరికివ్వాలో తెలియక దిక్కులు చూస్తుంటాడు.

ఆ అబ్బాయి మీరు కావొద్దు. ఫోను, బ్యాగు, వాచీ ఇంట్లోనో, కార్లో కూర్చునే మనిషి దగ్గరో వదిలేయండి. అప్లికెంట్లు మాత్రమే లోపలికి వెళ్తారు. కాబట్టి అమెరికా పాస్‌పోర్టున్న చిన్నదాన్ని తాతయ్యకి అప్పజెప్పండి. వాళ్లను ఆ ఎండలో రోడ్డు మీద నిలబెట్టకండి. గచ్చిబౌలిలో ఏదైనా టిఫిన్ సెంటర్‌కి పంపండి. తాతకి ఫిల్టర్ కాఫీ, మనవరాలికి నెయ్యి ఇడ్లీ. మీరు బయటికొచ్చేసరికి వాళ్లిద్దరికీ మీ వీసా సంగతే గుర్తుండదు. అదే కదా మనకి కావాల్సింది!

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నానికి ఏం ప్లాన్ ఉంది? "రిజల్ట్ చూసి..." అనకండి. ముందే ఫిక్స్ చేయండి. రిజల్ట్ ఏదైనా మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద లైట్లు. రాసేయండి. ఇది చిన్న ట్రిక్కులా కనిపిస్తుంది. కానీ మీ పిల్లలు ఆ రోజు నేర్చుకునేది పెద్ద పాఠం. పెద్దపని అయినా కాకపోయినా మా ఇంట్లో సాయంత్రం ఆగదు.

ఇక మన సిటీ

ఇప్పుడు మజా ఉన్న పార్టుకి వచ్చాం. సిటీ ఓనర్ గారూ, మైకు మీదే.

చాలామంది ఎన్నారై పిల్లలకు హైదరాబాద్ అంటే మూడే తెలుసు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు, అమ్మమ్మ ఫ్లాటు, ఒక మాల్. నాలుగు వందల ఏళ్ల సిటీకి వచ్చి, అమెరికాలో ఉన్న బ్రాండ్ల షాపుల్లోనే తిరిగి వెళ్తారు. ఇది మారాలి. మారుస్తారు మీరు.

మొదటి రెండు మూడు రోజులు జెట్‌లాగ్. పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. తిట్టకండి, వాడుకోండి! నాంపల్లి దగ్గర రామ్ కీ బండీ ఆ టైముకే వేడిగా ఉంటుంది. పెనం మీద వెన్న కరుగుతుంటే, దోసె మీద చీజ్ తురుముతుంటే మీ వాడి నిద్రమొహం ఎలా వెలుగుతుందో చూడండి. ట్రాఫిక్ లేని హైదరాబాద్‌ని చూడగలిగేది జెట్‌లాగ్ ఉన్నవాళ్లే. అది మీకు దొరికిన బోనస్. అక్కడి నుంచి చార్మినార్ వెళ్లిపోండి. 1591 నాటి కట్టడం ముందు జనం లేకుండా ఫొటో దిగడం లోకల్ వాళ్లకే కుదరదు. పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్. పిల్లలకి చాయ్ వద్దనుకుంటే బిస్కట్ ముంచుకోవడానికి మాత్రం మీ సాసర్ ఇవ్వండి.

లాడ్ బజార్ ఇంకోరోజు, కాస్త ఎండెక్కాక. గాజులు కొనేసి పరిగెత్తకండి. తయారుచేసే చోట పది నిమిషాలు నిలబడండి. నిప్పుల మీద లక్క మెత్తబడుతుంది. దాన్ని సన్నగా సాగదీసి, గుండ్రంగా తిప్పి, ఒక్కో అద్దం ముక్కనీ ఒక్కో రాయినీ వేడి చల్లారకముందే అద్దుతారు. చేయి ఆగదు, కన్ను తప్పదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఫోకస్ అంటే ఏంటో పిల్లలకు లెక్చర్ ఇవ్వక్కర్లేదు, ఆ చేతులు చూపించండి చాలు.

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో గంట కొట్టే టైముకి ముందే మ్యూజికల్ క్లాక్ దగ్గరికి చేరండి. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ కాసేపూ హాలంతా పిల్లలైపోతుంది. తర్వాత బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా. పాలరాతి ముసుగు వెనక ముఖం ఎలా కనిపిస్తోందో పిల్లల్నే చెప్పమనండి. మీరు చెప్పకండి.

గోల్కొండకి పూట మొత్తం ఇవ్వండి. నానక్‌రామ్‌గూడ నుంచి పెద్ద దూరమూ కాదు. ఒకరు ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొట్టాలి. ఇంకొకరు పైన బాలా హిస్సార్ దగ్గర వినాలి. ఇంటిల్లిపాదీ రెండు టీములుగా విడిపోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. మెట్లెక్కేటప్పుడు పెద్దాడు "బోర్" అంటాడు. అప్పుడు హోప్ డైమండ్ సంగతి తీయండి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో అద్దం వెనక ఉండే ఆ నీలి వజ్రం ఈ గోల్కొండ రాజ్యం గనుల నుంచే వెళ్లిందని చెబుతారు. వజ్రాలు తవ్వింది ఇక్కడ కాదు, కృష్ణా ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. ఇక్కడ వ్యాపారం జరిగింది. వాడు పుట్టిన దేశానికీ, మీరు పుట్టిన ఊరికీ మధ్య ఒక వజ్రం ప్రయాణించింది. అదీ వీసా లేకుండా! ఇక "బోర్" అనడు.

పక్కనే కుతుబ్‌షాహీ సమాధులు. చాలా ఏళ్లు ఓపిగ్గా బాగుచేశారు, తోటలో నడిచినంతసేపు నడవొచ్చు.

జనవరిలో వెళ్తుంటే నుమాయిష్ వదలొద్దు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరిగే జాతర అది, 1938లో మొదలైంది. మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. మీ చిన్నప్పుడు మీరు ఎక్కిన రంగులరాట్నం, మీరు తిన్న మిర్చి బజ్జీ. అక్కడ మీరే గైడు.

ఒకరోజు మెట్రోకి కేటాయించండి. రాయదుర్గంలో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగండి. టికెట్ తీయడం పిల్లలకే వదిలేయండి. తెలుగులో అడగమనండి. అక్కడి ఆయన హిందీలో జవాబిస్తాడు, మీ వాడు ఇంగ్లీషులో థ్యాంక్స్ చెబుతాడు. అదే హైదరాబాద్!

చిలుకూరు సంగతి

రాసుకున్నా రాసుకోకపోయినా ఇది మీ లిస్టులో ఉంటుంది. వీసా బాలాజీ. గండిపేట చెరువు వైపు ఉన్న చిన్న గుడి. హుండీ ఉండదు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. లెక్క తప్పకుండా 108 గళ్లున్న కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకీ ఒక్కో గడి పెన్నుతో కొట్టేస్తూ తిరుగుతారు.

నమ్మకం మీది, నేను వేలు పెట్టను. కానీ ఒక కోచ్‌గా ఆ కార్డు నాకు భలే నచ్చుతుంది. తిరుగుతున్నంతసేపూ ఎవరూ ఫోన్ చూడరు. ఎనభయ్యో చుట్టులో ఉన్నవాడు తొంభై గురించి ఆలోచించడు, ఎనభై ఒకటి గురించే ఆలోచిస్తాడు. డీఎస్-160 నింపేటప్పుడు కూడా అదే పద్ధతి పెట్టుకోండి.

రోజుకి రెండుసార్లే

ఇంటర్వ్యూ అయింది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉంది. ఇక్కడే అసలు పరీక్ష. స్టేటస్ పేజీ. పొద్దున లేవగానే, పళ్లు తోముకుంటూ, గోల్కొండ మెట్ల మీద, బిర్యానీ మధ్యలో. ఇది చెకింగ్ కాదు, అలవాటుగా మారిన భయం. దీనికి మందు ఉంది.

రోజుకి రెండుసార్లు. ఉదయం 10కి ఒకసారి, సాయంత్రం 5కి ఒకసారి. ఫోన్లో అలారం పెట్టండి. స్టాంపింగ్ ఓనర్ మాత్రమే చూడాలి. చూసి ఒకే ముక్క చెప్పాలి: "మారింది" లేదా "మారలేదు." చర్చ లేదు. శని, ఆదివారాలు చూడొద్దు. కాన్సులేట్‌కి ఇండియా సెలవులూ ఉంటాయి, అమెరికా సెలవులూ ఉంటాయి. ఆ రోజులు మీ క్యాలెండర్‌లో ముందే గుండ్రంగా చుట్టేయండి. ఆ రోజుల్లో కూడా చూడొద్దు.

స్లాట్ల గ్రూపులు, స్టాంపింగ్ అనుభవాల గ్రూపులు మ్యూట్. అక్కడ ఎవరికో ఏదో అయిందంటే అది వాళ్ల కేసు. మీ పిటిషన్ వేరు, మీ ఉద్యోగం వేరు. ముక్కూమొహం తెలియని మనిషి రాత్రి పదకొండింటికి పెట్టిన మెసేజ్ మీ రేపటి ఉదయాన్ని ఎందుకు డిసైడ్ చేయాలి? చేయనివ్వకండి.

ఈలోపు విశాఖపట్నమో తిరుపతో విమానంలో వెళ్లాలంటే? పాస్‌పోర్టు చేతిలో లేదు కదా. ఇండియాలో డొమెస్టిక్ విమానానికి ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు లాంటివి నడుస్తాయి. అవి అమెరికాలో ఏ డ్రాయర్‌లో ఉన్నాయో బయల్దేరకముందే వెతకండి. లేదా రైలెక్కండి. పిల్లలకి అప్పర్ బెర్తు దొరికితే అదే హాలిడే.

"అయ్యిందా?" అని అడిగేవాళ్లు

రోజుకి పది ఫోన్లు. పిన్ని, పెద్దమామయ్య, పాత కొలీగ్, మూడో ఫ్లోర్ ఆంటీ. అందరిదీ ఒకటే ప్రశ్న. ప్రేమతోనే అడుగుతారు. కానీ ప్రతి ఫోనుకీ కథ మొదటి నుంచి చెప్తుంటే, ప్రతిసారీ ఆ టెన్షన్ మళ్లీ అనుభవిస్తారు.

ఒక జవాబు తయారుగా పెట్టుకోండి. అందరికీ అదే.

"ఏరా, అయ్యిందా స్టాంపింగ్?"

"పాస్‌పోర్టు చేతికి రాగానే మొదటి ఫోన్ నీకే పిన్నీ. ఇంతకీ ఆదివారం భోజనానికి రమ్మన్నావు, గోంగూర చేస్తున్నావా లేదా?"

చూశారా? టాపిక్ మారింది, పిన్ని నొచ్చుకోలేదు, ఆదివారం గోంగూర ఖాయమైంది. ఇది అబద్ధం కాదు, దాటవేత కాదు. మాట మీద కంట్రోల్. నాలుగుసార్లు చెప్తే మీకే అలవాటైపోతుంది.

పిల్లలకి మాత్రం దాటవేయకండి. వాళ్లకి మీ మొహం చూస్తేనే తెలిసిపోతుంది. "నాన్న పాస్‌పోర్టులో ఒక స్టిక్కర్ వేయాలి. వేసేవాళ్లు టైం తీసుకుంటారు. మనం ఈలోపు ఊరు చూద్దాం." ఎనిమిదేళ్ల పిల్లకి ఇది చాలు. పద్నాలుగేళ్లవాడికి మొత్తం చెప్పండి, ఫ్రిజ్ మీది కాగితం కూడా చూపించండి. వాడు మీకన్నా కూల్‌గా ఉంటాడు.

రంగు కాగితం వస్తే

ఒక్కోసారి ఆఫీసర్ 221(జి) చీటీ ఇస్తారు. ఇంకేవో కాగితాలు కావాలనో, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అనో. చాలామంది దాన్ని చూసి "అయిపోయింది" అనుకుంటారు. కేసు అక్కడితో ముగిసిపోలేదు. పెండింగ్‌లో పడింది. ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు, అడిగి లాభం లేదు.

చేయాల్సినవి ఆ సాయంత్రమే చేసేయండి. చీటీలో అడిగింది ఏంటో పదం పదం చదవండి. మీ కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి స్కాన్ పంపండి. హెచ్ఆర్‌కి మెయిల్. టికెట్ డేటు మార్చండి. ఆదివారం మీటింగ్ కాగితం తీసి, అందులో రాసుకున్న ప్రకారం ఎవరు ఎక్కడో ఖాయం చేయండి. మళ్లీ చర్చ పెట్టకండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం, కంగారులో తీసుకునేదానికన్నా ఎప్పుడూ మెరుగే.

మర్నాటికి సిటీ ప్లాన్‌లో ఏముంది? చౌమహల్లా ప్యాలెసా? వెళ్లండి. మూడ్ లేకపోయినా వెళ్లండి. మూడ్ వచ్చాక కదులుదామనుకుంటే కదలరు. కదిలితే మూడ్ దానంతటదే వస్తుంది.

తిరుగు ప్రయాణం

పాస్‌పోర్టు వచ్చింది! ముందు పిన్నికి ఫోన్. మాటిచ్చారు కదా.

తర్వాత స్టిక్కర్ మీద పేరు, పుట్టిన తేదీ, వీసా క్లాసు, పిటిషన్ నంబరు, గడువు చూడండి. తప్పుంటే హైదరాబాద్‌లో ఉండగానే చెప్పాలి. ఇంట్లో అందరివీ చూడాలి, పిల్లల హెచ్-4లతో సహా.

అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఆ ఎయిర్‌పోర్టులో అమెరికా ప్రీక్లియరెన్స్ ఉంది. కనెక్షన్‌కి టైం కాస్త ఎక్కువ పెట్టుకోండి. మిగతా దారుల్లో దిగాకే ఇమ్మిగ్రేషన్.

దిగిన రోజు రాత్రే ఐ-94 ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేయండి. ఒక్కొక్కరిదీ విడివిడిగా. స్టాంపు దేశంలోకి రావడానికి. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. మీ పిటిషన్ ఇంకా రెండేళ్లున్నా, పాస్‌పోర్టు ఆరు నెలల్లో ముగిసిపోతుంటే ఐ-94 ఆ పాస్‌పోర్టు తేదీకే కత్తిరించి ఇస్తుంటారు. పాస్‌పోర్టు ముందే రెన్యువల్ చేయించమన్నది అందుకే. తేదీ తప్పుగా పడిందనిపిస్తే లాయర్‌కి వెంటనే పంపండి, నెలల తర్వాత కాదు.

తర్వాత సూట్‌కేసులు విప్పండి. ఉస్మానియా బిస్కట్లు ఆఫీసుకి పక్కన పెట్టండి, లేకపోతే రేపటికి మిగలవు.